దాగిన పాటలు – వెలికితీసిన యంత్రములు

పాట పుట్టుట ఒక యెత్తు. అది పదిమంది చెవిని పడుట మరొక యెత్తు. పల్లెలో ఒకడు ఎంత చక్కగా పాడినను ఆ ధ్వని గాలిలో కొద్ది క్షణములు కదలి, వేడిగా మారి అణగిపోవును. కనుక కొత్త గాయకులను లోకము గుర్తించుటలో వారి ప్రతిభతోపాటు ధ్వనిని పట్టి నిలుపు సాధనములకును, దూరమునకు చేర్చు సాధనములకును పాలు కలదు. ఈ సాధనముల కథను అనంతపురము సీమనుండియు, సముద్రముల కావలనున్న ఆస్ట్రేలియానుండియు కొన్ని ఉదాహరణములు తీసుకొని పరిశీలింతము.

రాగిరేకు చెప్పనిది

1922లో తిరుమల ఆలయపు సంకీర్తన భాండారములోని తాళ్ళపాక కవుల రాగిరేకులు వెలుగులోనికి వచ్చినవి. అన్నమాచార్యులు 1503లో పరమపదించినారు. అన్ని వందల యేండ్లు రాగి ఆ అక్షరములను చెక్కుచెదరకుండ కాపాడినది. పాటలోని మాటలున్నవి, పైన రాగము పేరున్నది. కాని ఆ పాటను ఏ వరుసలో పాడినారో రేకు చెప్పదు. ఆ వరుస గురువు గొంతునుండి శిష్యుని గొంతునకు వచ్చుచుండినది; ఆ దారి తెగగానే అదియు పోయినది.

ఈ లోటును తీర్చుటకు పూనుకొన్నవారిలో ముఖ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. వీరు 1893లో అనంతపురము జిల్లా రాళ్ళపల్లి గ్రామమున జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో చాలకాలము తెలుగు పండితులుగా పనిచేసి, పిదప తిరుపతి చేరి, నూరుకు పైగా సంకీర్తనలకు స్వరములు కూర్చినారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ వీరికి సంగీత కళానిధి బిరుదము నిచ్చినది. వీరు వరుస కట్టిన కీర్తనను నేడు మనము వినునపుడు మాట పదునైదవ శతాబ్దపుది, వరుస ఇరువదవ శతాబ్దపుది అని గుర్తుంచుకొనవలెను. లోహము అక్షరమును నిలుపగలిగినది గాని ధ్వనిని నిలుపలేదు.

గరాటు ముందు గానము

1877లో ఎడిసన్ ధ్వనిని గీతగా మార్చు ఉపాయము కనుగొన్నాడు. 1902లో గ్రామఫోను కంపెనీ తరపున గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను ముద్రించినాడు. ఆనాటి పద్ధతిలో విద్యుత్తు లేదు. గాయకుడు పెద్ద గరాటులోనికి బిగ్గరగా పాడవలెను. గాలిలోని ఒత్తిడి పలుచని పొరను కదల్చును. పొరకు తగిలించిన సూది మైనపు పలకపై గీత గీయును. పలకకు ఒక ప్రక్క పట్టునది మూడు నిమిషములే.

ఇందులో ఒక చిక్కు కలదు. గరాటు అన్ని ధ్వనులను సమముగా పట్టదు. మధ్యమ స్థాయి స్వరములు బాగుగా పడును. మంద్రమైన మద్దెల మ్రోత దాదాపు పడదు. సన్నని మెత్తని గొంతును పడదు. కనుక ఆనాడు ఎవరి పాట ఊరూర వినబడవలెనో కొంతవరకు గరాటే నిర్ణయించినదని చెప్పవచ్చును. 1925లో మైక్రోఫోను, వాల్వుల సాయముతో విద్యుత్ ముద్రణ వచ్చిన తరువాతనే మెత్తని గొంతులకును చోటు దొరికినది. పిదప రేడియో వచ్చినది. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను, కడప కేంద్రము 1963లోను ప్రసారములు ఆరంభించినవి. అంతవరకు అనంతపురపు గాయకుడు రేడియోలో పాడవలెనన్న దూరపు రైలు ఎక్కక తప్పెడిది కాదు.

పాదరసములో పాట

ఇప్పుడు ఆస్ట్రేలియాకు పోదము. సిడ్నీలోని ప్రభుత్వ పరిశోధనశాలలో ట్రెవర్ పియర్సీ, మాస్టన్ బియర్డ్ అను శాస్త్రజ్ఞులు రెండువేల వాల్వులతో ఒక కంప్యూటరును నిర్మించినారు. అది 1949లో పని ప్రారంభించినది. దీనికే తరువాత సైరాక్ అని పేరు వచ్చినది. లెక్క ఎంతవరకు నడచినదో తెలుపుటకు దీనికి ఒక లౌడ్‌స్పీకరు అమర్చినారు. దానికి ఒక విద్యుత్ స్పందన పంపిన ‘టక్’మనును. సెకనుకు 440 స్పందనలు సమమైన వ్యవధితో పంపిన ఆ టక్కులన్నియు కలిసి ఒక స్వరముగా వినబడును. ఈ సూత్రమును ఆధారముగా చేసికొని జెఫ్ హిల్ అను గణితజ్ఞుడు 1951 ఆగస్టులో జరిగిన సమావేశములో ఆ యంత్రముచేత పాట పాడించినాడు. లోకములో సంగీతము వినిపించిన తొలి కంప్యూటర్లలో ఇది ఒకటి.

ఇది సులభమైన పని కాదు. ఆ యంత్రపు జ్ఞాపకము పాదరసము నింపిన గొట్టములు. సంఖ్యలు వాటిలో ధ్వని తరంగములుగా తిరుగుచుండును. కావలసిన సంఖ్య గొట్టము చివరికి వచ్చువరకు యంత్రము వేచియుండవలెను. ఆ వేచియుండు కాలము ప్రతిసారి ఒకే తీరున ఉండదు. వ్యవధి తప్పిన స్వరము తప్పును. ప్రతి స్పందన సరియైన క్షణమునకు వచ్చునట్లు ఆదేశములను పేర్చుటయే హిల్ చూపిన నేర్పు.

అయితే సిడ్నీలో వినిపించిన ఆ పాటను ఎవరును ముద్రింపలేదు. అది అక్కడితోనే పోయినది. యంత్రమును మెల్బోర్న్‌కు తరలించిన పిమ్మట 1957లో థామస్ చెర్రీ వ్రాసిన సంగీతపు ఆదేశములు మాత్రము రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై మిగిలినవి. పాల్ డోర్న్‌బుష్ అను సంగీతజ్ఞుడు ఆ పట్టీలనుండి ఆ ధ్వనులను మరల కట్టినాడు. రాగిరేకునకును ఈ పట్టీకిని గల భేదమును పాఠకులు గమనింతురుగాక. రేకులో మాట కలదు, కాలము లేదు. పట్టీలో ప్రతి స్వరమునకు వ్యవధి కలదు. అందుచేత మొదటిదానికి కొత్త వరుస కట్టవలసి వచ్చినది. రెండవదానిలో పాత వరుసయే తిరిగి దొరికినది.

వెదకి పట్టుకొనుట

1979లో సిడ్నీలోనే పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనువారు ఫెయిర్‌లైట్ అను వాద్య కంప్యూటరును రూపొందించినారు. బయటి ధ్వని దేనినైనను సంఖ్యలుగా మార్చి మీటలపై వాయించుటకు అది వీలు కల్పించినది. మొదట మిక్కిలి ఖరీదైన ఈ విద్య, కాలక్రమమున ఇంటి కంప్యూటరులోనికి దిగినది. ఫ్లూమ్ అను పేరుతో ప్రసిద్ధుడైన సిడ్నీ యువకుడు బాల్యములో అల్పాహారపు పెట్టెలో దొరికిన ఒక ప్రోగ్రాముతో స్వరములు పేర్చుట నేర్చుకొన్నాడు. 2017లో ఎలక్ట్రానిక్ సంగీతమునకు గ్రామీ బహుమానము పొందినాడు.

ముద్రించుట చవుక కాగానే చిక్కు చోటు మారినది. పాడువారు వేలమంది, వారిలో ఎవరిని వినవలెను? ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థకు చెందిన ట్రిపుల్ జె రేడియో 1995లో ఊరూర కొత్తవారిని వెదకు పోటీని ప్రారంభించినది. దానికి పెట్టిన పేరునకు ‘మట్టినుండి తవ్వి తీసినది’ అని అర్థము. లిస్మోర్ అను చిన్న పట్టణపు గ్రిన్‌స్పూన్ బృందము అందులో మొదట వెలుగులోనికి వచ్చినది. 2006నుండి ఎవరైనను తమ పాటను ఇంటర్నెట్టు ద్వారా పంపుటకు ఏర్పాటు జరిగినది. పెద్ద కంపెనీల నాశ్రయింపని స్వతంత్ర సంగీతమునకు ఇది గొప్ప ఊతము.

వెదకువారు లేకున్న ఏమగునో మన దేశపు ఉదాహరణమే చెప్పును. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగములను ఎలక్ట్రానిక్ వాద్యములపై వాయించి ఒక రికార్డు వెలువరించినాడు. దానిని పట్టించుకొన్నవారు లేరు. 2010లో అది విదేశములో తిరిగి ముద్రణ పొందినప్పుడు, ఇటువంటి ధ్వని అంత ముందుగా ఇండియాలో పుట్టినదా అని లోకము ఆశ్చర్యపడినది.

మన ఉరుము మాట

అనంతపురము మెట్టలో సాలుకు సగటున కురియు వాన 55 సెంటీమీటర్లకు అటునిటు. ఉరుము కొరకు ఆకాశమువైపు చూచు ఈ సీమలో ఉరుము అను వాద్యమే ఒకటి కలదు. గ్రామదేవతల జాతరలలో దీనిని మ్రోగించుచు చేయు ఉరుముల నృత్యము ఇచ్చటి ప్రత్యేకత. కర్రతో చర్మముపై రాచినపుడు కర్ర పట్టి జారి, పట్టి జారి, మేఘగర్జనవంటి మంద్రధ్వని పుట్టును. ఫిడేలు కమాను తంతిపై చేయు పనియు ఇదియే.

వాన తప్పిన యేట పల్లె బెంగుళూరునకు వలసపోవును. గుంపు చెదరినపుడు గురువునుండి శిష్యునకు గల దారి తెగును. వజ్రకరూరు ప్రాంతమువారైన తూమాటి దోణప్పగారివంటి పండితులు జానపద కళలను గ్రంథముల కెక్కించి గొప్ప మేలు చేసినారు. కాని కాగితము కూడ రాగిరేకువంటిదే. మ్రోతను అది నిలుపదు.

నేడు ప్రతి చేతిలోను ఫోనున్నదిగదా అనవచ్చును. అయితే ఫోను ముఖ్యముగా మాట కొరకు పుట్టినది. దాని చిన్న స్పీకరు మంద్రధ్వనిని పలుకలేదు. మాట స్పష్టముగా వినబడుటకై రొదను తగ్గించు ఏర్పాటు, ఎడతెగని ఉరుము మ్రోతను కూడ రొదగానే యెంచి తొలగింపవచ్చును. 1902నాటి గరాటు చేసిన అన్యాయమే మరల జరుగు ప్రమాదము కలదు.

కనుక జాతరలో ముద్రించువారు ఆ ఏర్పాటును ఆపివేసి, వీలైనచో మంచి మైక్రోఫోనును తగిలించి, కళాకారుల అనుమతితో మొదటినుండి చివరివరకు ముద్రింపవలెను. వాయించినవారి పేర్లు, ఊరు, సందర్భము, తేదీ వెంటనే వ్రాసియుంచవలెను. ఒక ప్రతి ఊరి పాఠశాలలోను, మరొకటి విశ్వవిద్యాలయములోను ఉండవలెను. పేరు లేని ధ్వని రేపు ఎవరికిని దొరకదు. ఆస్ట్రేలియాలో రేడియోవారు ఊరూర వెదకినట్లు మనవద్దను వెదకువారు వచ్చునాటికి వినుటకు ఏదైన మిగిలియుండవలెనుగదా!