ఒక 'మైనస్ ఎన్' కథ



1990 దశకంలో దిల్‌సుఖ్‌నగర్‌లో వీధివీధినా కంప్యూటర్ కోచింగ్ బోర్డులు వెలిసిన రోజుల్లో మావాడు ఎల్.బి.నగర్ నుంచి వెళ్ళి యూనిక్స్ నేర్చుకున్నాడు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ తర్వాత రెండు ముఖ్య శాఖలైంది. ఒకటి బర్కిలీ విశ్వవిద్యాలయానిది, రెండవది ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్.

'ఎకో' అనే ఆజ్ఞ మనమిచ్చిన మాటను తెరపై చూపి, కింది వరుసకు దిగుతుంది. దానికి 'మైనస్ ఎన్' చేరిస్తే బర్కిలీ యంత్రం అదే వరుసలో ఆగుతుంది. సిస్టమ్ ఫైవ్ యంత్రమో, ఆ 'మైనస్ ఎన్'నే అచ్చు వేస్తుంది!

తొలి ఉద్యోగంలో మావాడు రాసిన పరీక్ష యంత్రం మారగానే ఇలాగే తప్పింది. ప్రోగ్రాం మంచిదే. అయినా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం సహించలేదు.

1987లో పెర్ల్ భాషను విడుదల చేసిన లారీ వాల్ గారు అప్పటికే దీనికి ఉపాయం చూపారు. యంత్రం పేరు చూసి ఊహించడం కాదు. ముందుగా ఎకోను నడిపి, అదేం చేస్తుందో చూసి, తగిన పద్ధతి ఎంచుకోవడం. నక్షత్రం గుర్తొకటి సరైన చోట పడిందో లేదో తెరపై మనిషికీ చూపేవారు. కొత్త ట్రెజరీకి బిల్లు పంపేముందు అక్కడ ఏ ఫారం చెల్లుతుందో కనుక్కునే గుమాస్తా పని ఇదే కదా!

1992 నాటి పోసిక్స్ ప్రమాణం 'ప్రింట్‌ఎఫ్' అనే ఆజ్ఞను చేర్చింది. మావాడు ఇప్పుడు పరీక్షల్లో అదే రాస్తాడు. ఎకో జోలికి పోడు.