కేంబ్రిడ్జిలో ప్రాక్టర్ల అధికారం

'ముహ్తసిబ్' అన్న మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడల్లా నా కలం ఆగిపోతుంది. తూకాలు, కొలతలు, రొట్టె నాణ్యం, బజారులో జనుల నడవడి - ఇవన్నీ చూసే అధికారి ఆయన. 'అంగడి తనిఖీదారు' అంటే అర్థం సగమే వస్తుంది. 'పోలీసు' అంటే పొరపాటే. దానికి షుర్తా వేరే ఉండేది. ఈ తికమకలో ఉండగా కేంబ్రిడ్జి చరిత్ర చదవటం తటస్థించింది. ఆ ఊళ్లో శతాబ్దాల తరబడి ఇటువంటి పనులు విశ్వవిద్యాలయం చేతిలోనే ఉండేవి!

ఈ అధికారం వారికి ఊరికే రాలేదు. 1317లోనే రెండవ ఎడ్వర్డు రాజు, విశ్వవిద్యాలయపు హక్కులను కాపాడుతామని నగర మేయరు ప్రమాణం చేయాలని శాసించాడు. ఊరివారికి ఇది అవమానమే. 1381లో ఇంగ్లండంతటా రైతులు తిరగబడినప్పుడు కేంబ్రిడ్జి ప్రజలు విశ్వవిద్యాలయపు పత్రాలను బజారులో కుప్పవేసి తగులబెట్టారు. మార్జరీ స్టార్ అనే ముసలమ్మ ఆ బూడిదను గాలికి ఎగరవేసిందని చెబుతారు. తిరుగుబాటు అణగిన పిమ్మట, 1382లో, రొట్టె ధర, మద్యం ధర, తూనికలపై అధికారాన్ని రాజు ఊరినుండి తీసి విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. మేయరు ప్రమాణం 1856 దాకా రద్దు కాలేదు.

అయితే అసలు బాధ తూనికలతో కాదు, రాత్రులతో. 1561లో ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాలో, దుర్నడవడి గలవారని అనుమానం కలిగిన స్త్రీలను వెదకి పట్టుకునే హక్కు ఉన్నది. ప్రాక్టర్లనే ఇద్దరు అధ్యాపకులు, గౌనులు ధరించి, వెంట బంట్లతో వీధులు తిరిగేవారు. ఆ బంట్లను విద్యార్థులు 'బుల్‌డాగులు' అనేవారు. పట్టుబడిన స్త్రీని స్పిన్నింగ్ హౌస్ అనే చెరసాలకు తరలించేవారు. గుర్రాలను అద్దెకిచ్చే థామస్ హాబ్సన్ 1628లో పేదలకు పని కల్పించటానికి ఇచ్చిన స్థలంలో వెలసిన ఇల్లు అది! వైస్ ఛాన్సలరు మూసిన తలుపుల వెనుక విచారించేవాడు. ఆమె పక్షాన వకీలు లేడు. ఆమెతో కనబడిన విద్యార్థిని మాత్రం కళాశాల క్రమశిక్షణకు వదిలేవారు. అధ్యాపకులలో అత్యధికులకు 1882 దాకా వివాహమే నిషిద్ధమన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

1836లో నగరానికి సొంత పోలీసులు వచ్చారు. అయినా ఈ పద్ధతి ఆగలేదు. ఒకే వీధిలో రెండు అధికారాలు నడిచాయి. ఒకటి మేజిస్ట్రేటుకు జవాబుదారీ, రెండవది తనకు తానే. 1846లో ఎలిజబెత్ హౌ అనే యువతిని చలిరాత్రి తడిసిన పరుపు మీద ఉంచారు. ఆమె జబ్బుపడి మరణించింది. 1860లో ఎమ్మా కెంప్ అనే యువతిని, విందుకు వెళుతున్న బండిని ఆపి పట్టుకున్నారు. ఆమె దావా వేస్తే, వైస్ ఛాన్సలరు న్యాయాధికారి గనుక ఆయనపై దావా చెల్లదని కోర్టు తేల్చింది.

1891 డిసెంబరులో పదిహేడేళ్ల డైసీ హాప్కిన్స్‌పై మోపిన నేరం ఏమిటో తెలుసా? విశ్వవిద్యాలయ సభ్యునితో నడవటం. పదునాలుగు దినాల శిక్ష. హేబియస్ కార్పస్ పిటిషన్‌పై లండన్ న్యాయమూర్తులు, అటువంటి నేరం చట్టంలో లేదని ఆమెను విడుదల చేశారు. తర్వాత ఆమె ప్రాక్టరుపై నష్టపరిహారపు దావా వేసి ఓడిపోయింది.

ఈ ఘట్టం చదివినప్పుడు ఇమామ్ మావర్దీ (మరణం 1058) రాసిన 'అల్ అహ్కాముస్సుల్తానియ్యా'లోని హిస్బా అధ్యాయం గుర్తుకు వచ్చింది. జనం తిరిగే దారిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ నిలబడి ఉంటే, అనుమాన సూచన లేనప్పుడు ముహ్తసిబ్ వారిని అడ్డగించరాదంటారు. నిర్జనమైన చోట కనబడినా శిక్షకు తొందరపడరాదు. ఆమె అతని మహ్రమ్ బంధువు కావచ్చును. ముహ్తసిబులందరూ ఈ హద్దులో నిలిచారని నేననను. గ్రంథంలో హద్దు ఉండటం ఒకటి, బజారులో ఉండటం మరొకటి. కాని కేంబ్రిడ్జి పట్టాలో ఆ హద్దు కాగితం మీదనైనా లేదు.

డైసీ కేసుతో దేశమంతా గోల పుట్టింది. 1894లో పార్లమెంటు చట్టం చేసి, స్త్రీలను పట్టి బంధించే అధికారాన్ని విశ్వవిద్యాలయం నుండి తొలగించింది. 1901లో స్పిన్నింగ్ హౌస్‌ను కూల్చివేశారు. ఆ స్థలంలో నగర పోలీసు స్టేషను కట్టారు.