పటాన్‌చెరువు అచ్చతెనుగు: కల్పితభాషగా ‘యయాతి చరిత్రము’

ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో (1550–1580) పటాన్‌చెరువు ప్రాంతాధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు అంకితమిచ్చిన ‘యయాతి చరిత్రము’ను సాహిత్య చరిత్రకారులు తొలి అచ్చతెనుగు కావ్యంగా గుర్తించారు. నేడు ఇస్నాపూర్, పటాన్‌చెరు అనగానే పారిశ్రామికవాడ స్ఫురిస్తుంది గాని, కావ్యభాషా చరిత్రలో ఈ నేల ఒక అరుదైన ప్రయోగానికి పుట్టినిల్లు. ఆ ప్రయోగాన్ని భాషాశుద్ధిగా కాక భాషాకల్పనగా చదవడమే సమంజసం.

తత్సమాలు బొత్తిగా లేని తెలుగు ఏ ఊరి వాడుకా కాదు. ‘కథ’, ‘దేవుడు’ వంటివి నిరక్షరాస్యుల నోటికీ పరిచితాలే. వాటిని సైతం విడిచి కావ్యమంతా నడపడమంటే, ముందొక నియమాన్ని ఏర్పరచుకొని దానికి లోబడిన భాషను నిర్మించుకోవడమే. ఇంగ్లండులో జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) ఫిన్నిష్ ధ్వనుల మీది మక్కువతో క్వెన్యా భాషను, వెల్ష్ ధోరణిలో సిండరిన్‌ను కల్పించి, వాటిని పలికే జాతులకు గాథలు అల్లాడు. అతని భాషలను పరిశీలించే పండితులు అవి నిజమా కాదా అని అడగరు. ఏ సూత్రంతో పదం పుట్టిందని అడుగుతారు. టోల్కీన్ కొత్త పదజాలాన్నే సృష్టించాడు, తెలగన ఉన్న పదాల నుండి ఏరుకున్నాడు. భేదం చిన్నది కాదు. అయినా ఆ ప్రశ్న ఇక్కడా పనికివస్తుంది.

అచ్చతెనుగు పదకల్పనలో ప్రధాన సూత్రం అనుకరణానువాదం. శీతాంశువు ‘చలివెలుగు’ అవుతాడు, త్రినేత్రుడు ‘ముక్కంటి’ అవుతాడు. మాట తెలుగు, సమాసం వెనుక ఊహ సంస్కృతం. తద్భవాలకు ప్రవేశం ఉండనే ఉంది. ‘అచ్చ’ అన్న విశేషణమే సంస్కృత ‘అచ్ఛ’కు వికృతి. కావ్యనామంలోని ‘చరిత్రము’ సరేసరి! కనుక చలివెలుగులోని చమత్కారం అందాలంటే శీతాంశువు తెలిసి ఉండాలి. ఈ భాష సంస్కృతం రానివారి కోసం పుట్టిందనడం కుదరదు.

ముస్లిం ప్రభువుకు సుబోధం కావాలనే కవి తత్సమాలను విడిచాడన్న వివరణ కూడా నిలవదు. అమీన్‌ఖాన్ ఏలిక ఇబ్రహీం కుతుబ్‌షాకే అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను తత్సమభూయిష్ఠమైన ప్రబంధభాషలో అంకితమిచ్చాడు. గోలకొండకు ప్రబంధశైలి, పటాన్‌చెరువుకు అచ్చతెనుగు! ఈ తేడాకు కారణం కృతిభర్త మతంలో కాదు, కొత్త నియమంతో తనదంటూ ఒక కృతి వెలయించాలన్న కవి పట్టుదలలోనూ దాన్ని ఆదరించిన అధికారి అభిరుచిలోనూ వెతకాలి. 18వ శతాబ్దంలో కూచిమంచి తిమ్మకవి ఇదే నియమంతో రామాయణమంతా చెప్పాడు. అప్పటికి పటాన్‌చెరువు ప్రయోగం ఒక కావ్యశాఖగా స్థిరపడింది.