కొండసైకిలువారి దుస్తులు

సైకిలు పందెమనగానే ఒంటికి అంటుకొన్న లాగు మనకు తలపునకు వచ్చును. కొండదారిన సైకిలు తొక్కువారు మొదట దాని జోలికి పోలేదు.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు మారిన్ కొండలలో, 1976లో రీప్యాక్ అను మట్టిబాటపై పందెములు ఆరంభమయ్యెను. దాదాపు రెండు మైళ్ల బాటలో సుమారు 1300 అడుగుల దిగుడు! పాత సైకిళ్ల వెనుక బ్రేకులోని గ్రీజు కాగి పొగయై పోయెడిది. పిమ్మట మరల కూరవలసినదే. బాటకు ఆ పేరు అందువలననే వచ్చినది. పడినచో చర్మము దక్కవలెను గదా! అందుచే ఆ యువకులు జీన్స్ లాగులు, మొరటు బూట్లు, తోలు చేతొడుగులు ధరించిరి.

అయితే జీన్స్ కుట్టు తొడలను ఒరయును, తడిసినచో బరువెక్కును. నేడు కొండసైకిలు దుస్తులు కొనువారు పలువురు మోకాలి కవచము పట్టునంత వదులైన గట్టి లాగును వెదకుదురు. దాని లోపల మాత్రము మెత్త కుట్టిన బిగుతు లాగే! పూర్వులు కాదన్నది ఇట్లు చాటుగా చేరుట మాకు వినోదముగా తోచుచున్నది.