ప్రోస్టేట్ ధమని ఎంబోలైజేషన్

వయసుతో ఉబ్బిన ప్రోస్టేట్ గ్రంథికి రక్తం తెచ్చే ధమనులను మూసి, దాన్ని కుదించే చికిత్స. పెద్ద కోత, కుట్లు ఉండవు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు చేస్తారు.

ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. పెరిగితే నాళాన్ని నొక్కుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. ధార సన్నబడుతుంది, ముక్కి పోయాల్సి వస్తుంది, రాత్రిళ్లు పదేపదే ఒంటికి లేవాల్సి వస్తుంది. రాయలసీమలోని బత్తలపల్లె లాంటి ఎండల ఊళ్లలో దీన్ని వేడి చేసిందని సరిపెట్టుకోవడం తేలిక. లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి రాళ్లకు దారితీస్తుంది.

తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో తిమ్మిరి సూది వేసి, ధమనిలోకి సన్నటి గొట్టం పంపుతారు. ప్రోస్టేట్ ధమని ఒక్కో మనిషిలో ఒక్కో కొమ్మ నుంచి పుడుతుంది, పెద్ద వయసులో మెలికలు తిరిగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడంలోనే వైద్యుడి పనితనమంతా. రంగుమందు ఎక్కించి దారి సరిచూసుకున్నాకే మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉండే రేణువులను వదులుతారు. అవి మూత్రాశయానికో పురీషనాళానికో పోయే కొమ్మలో పడితే అక్కడ పుండ్లు పడతాయి. రెండు వైపులా పూర్తికావడానికి గంట నుంచి మూడు గంటలు. తర్వాత కొన్నాళ్లు మంట, నొప్పి ఉంటాయి. గ్రంథి కుదించుకుపోవడానికి వారాలు, నెలలు పడుతుంది.

2000లో అమెరికాలో ప్రోస్టేట్ నుంచి ఆగని రక్తస్రావాన్ని ఆపడానికి ఈ పద్ధతి వాడితే, గ్రంథి చిన్నదై మూత్రం కూడా సాఫీ అయింది. బ్రెజిల్‌లో కార్నెవాలే బృందం దీన్ని ఉబ్బిన ప్రోస్టేట్‌కే నేరుగా ప్రయోగించి, 2010లో ఇద్దరి ఫలితాలు ప్రకటించింది. మూత్రం ఆగిపోయి గొట్టంతో బతుకుతున్న ఆ ఇద్దరూ మళ్లీ సొంతంగా పోయగలిగారు. బ్రిటన్ 2018లో దీనికి మార్గదర్శకాలిచ్చింది.

మూత్రనాళం గుండా గ్రంథిని తరిగే టీయూఆర్‌పీతో ధార ఇంతకన్నా బాగా పెరుగుతుంది, మళ్లీ చికిత్స అవసరమూ తక్కువ. అయితే ఎంబోలైజేషన్‌లో వీర్యస్ఖలనం దెబ్బతినే అవకాశం తక్కువ. మత్తు తట్టుకోలేనివారికీ, రక్తం పలచబడే మందులు ఆపలేనివారికీ, గ్రంథి బాగా పెద్దదైనవారికీ ఇది నిజంగా అక్కరకొస్తుంది. ముందుగా పీఎస్‌ఏ అనే రక్తపరీక్షతో క్యాన్సర్ అనుమానం తీర్చుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి రంగుమందు ప్రమాదం.

యాంజియోగ్రఫీ యంత్రం, చేయి తిరిగిన రేడియాలజిస్టు కావాలి కాబట్టి ఇది ఎక్కువగా మహానగరాల్లోనే దొరుకుతుంది. స్కానింగ్, రక్తపరీక్షలకు మాత్రం అంతదూరం పోనక్కర్లేదు: బత్తలపల్లెలోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఆసుపత్రి ఉంది, పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. చాలామందికి మొదట మాత్రలతోనే ఉపశమనం దొరుకుతుంది. మూత్రం పూర్తిగా ఆగి పొత్తికడుపు ఉబ్బితే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే గొట్టం వేయించుకోవాలి.