మే 15 కాదు, మరెప్పుడో

ఒకినావా అనగానే మనకు కరాటే గుర్తొస్తుంది, లేకపోతే నూరేళ్లు బతికే బామ్మలు. ఇంకాస్త చదివినవాళ్లకు 1972 మే 15 తెలుసు. ఇరవై ఏడేళ్లు అమెరికా సైన్యం ఏలుబడిలో ఉన్న ఆ ద్వీపాలు తిరిగి జపాన్‌కు దక్కిన రోజది. ఆ తర్వాతి కథ దాదాపు ఎక్కడ చూసినా ఒకే తీరుగా ఉంటుంది: నేల తిరిగొచ్చింది, జనానికి తలెత్తుకునే ధైర్యం వచ్చింది, అందుకే ఒసాకాలోనూ హొనొలులులోనూ స్థిరపడ్డ ఒకినావావాళ్లు డప్పులు పట్టుకుని బయటికొచ్చి పండగలు మొదలెట్టారు అని. వినడానికి సొంపుగానే ఉంది. తేదీలు మాత్రం ఒప్పుకోవు. ఒసాకా వాళ్ల ఎయిసా (డోళ్లతో ఆడే ఆట) పండగ సెప్టెంబరులో పుట్టింది. హవాయి వాళ్లది వేసవి చివర. ప్రపంచంలోని ఒకినావా వాళ్లంతా తమ రోజుగా చేసుకునేది అక్టోబరు 30. మే 15ను పండగ రోజుగా వీళ్లలో ఎవరూ ఎంచుకోలేదు. ఎందుకు ఎంచుకోలేదో అడగకుండా ఈ చరిత్ర రాయడం కుదరదు.

మొదటి ఘట్టాలు తెలిసినవే కాబట్టి త్వరగా దాటేస్తాను. ఒకినావా ఒకప్పుడు ర్యూక్యూ అనే ఒక చిన్న రాజ్యం. 1609లో జపాన్‌లోని సత్సుమా సంస్థానపు సేనల చేతిలో ఓడింది, 1879లో రాజ్యమే రద్దయి జపాన్‌లో ఒక జిల్లా అయింది. 1900 జనవరిలో 26 మంది ఒకినావావాళ్లు హవాయి చెరకుతోటల్లో కూలికి దిగారు. 1908లో కసాతో మారు అనే ఓడ 781 మంది వలసదారులతో బ్రెజిల్ చేరితే, వాళ్లలో నాలుగోవంతుకు పైగా ఒకినావావాళ్లే. పెరూ, అర్జెంటీనా వెళ్లినవాళ్లూ ఉన్నారు. అంత దూరం పోలేనివాళ్లు ఒసాకా నూలు మిల్లులకూ కలప అడితీలకూ వచ్చారు. నా వాదమంతా ఈ చివరివాళ్ల మీదే.

ఒసాకాకు ఒక పాత గాయం ఉంది. 1903లో అక్కడ జరిగిన జాతీయ పారిశ్రామిక ప్రదర్శన బయట ‘మానవ మందిరం’ అని ఒకటి కట్టి, అందులో ఉత్తర జపాన్ ఆదివాసులైన ఐనూలను, తైవాన్ కొండజాతులవాళ్లను, ఒకినావా నుంచి తెచ్చిన ఇద్దరు ఆడవాళ్లను టిక్కెట్టు పెట్టి చూపించారు. ఒకినావా పత్రికలు మండిపడ్డాయి. అయితే మనుషుల్ని జంతువుల్లా చూపించడమేమిటని కాదు, మమ్మల్ని వాళ్ల సరసన కూర్చోబెడతారా అని. ఆ కోపంలోనే భయం కూడా ఉంది. తర్వాతి యాభై, అరవై ఏళ్లు ఒసాకాలోని ఒకినావా బతుకును నడిపింది ఆ భయమే. కనగుసుకు అనే ఇంటిపేరును అదే రాతతో కింజో అనో కనెషిరో అనో చదివించుకున్నారు. పిల్లల ముందు సొంత భాష మానేశారు. కొండచిలువ తోలు కప్పిన మూడు తీగల సన్‌షిన్ వాయించాలంటే ముందు తలుపు వేసుకునేవారు. కొరియావాళ్లకూ ర్యూక్యూవాళ్లకూ గదులు అద్దెకివ్వబడవని బోర్డులు వేలాడే ఊళ్లో ఇంకేం చేస్తారు?

ఇక వివాదమున్న కాలానికి వద్దాం. 1957 నుంచి ఒకినావాలో మాధ్యమిక పాఠశాల ముగించిన పదిహేనేళ్ల పిల్లల్ని గుంపులుగా జపాన్ కర్మాగారాలకు పంపడం మొదలైంది. ఒకినావా ముఖ్యపట్టణం నాహా రేవులో ఓడ మీద పిల్లలు, గట్టు మీద తల్లులు, ఇద్దరి చేతుల్లో ఒకే రంగుకాగితపు చుట్ట రెండు కొసలు. ఓడ కదిలితే కాగితం సాగి సాగి తెగిపోయేది. తమ దేశమనుకుంటున్న దేశానికి పోవడానికి కూడా ఆ పిల్లలకు అమెరికా పాలకులిచ్చే ప్రయాణపత్రం కావాలి. 1972తో ఆ పత్రం పీడ వదిలింది. యాసను చూసి నవ్వడం వదల్లేదు, చాలని జీతాలు మారలేదు. పాత స్థిరధర ప్రకారం 360 యెన్లు రావాల్సిన డాలరుకు, డాలర్లు పోయి యెన్లు వచ్చిన రోజున 305 చేతిలో పెట్టారు. ఇంటి దగ్గర అమెరికా సైనిక స్థావరాల ముళ్లకంచెలు ఉన్నచోటే ఉన్నాయి.

ఒసాకా తైషో వార్డులో ఈ పిల్లలు కొందరు 1975లో ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు గజుమారు. గజుమారు అంటే ఒకినావాలో పెరిగే మర్రిజాతి చెట్టు, ఊడలు దిగేది. అదే ఏడు ఆటస్థలంలో మొదటిసారి ఎయిసా ఆడారు. ఒకినావా ఊళ్లలో ఇది ఏడో చాంద్రమాసంలో, ఇంటికొచ్చిన పితృదేవతలను సాగనంపే రాత్రుల్లో కుర్రకారు ఆడే ఆట. ముందు వరసలో పెద్ద డోళ్లు భుజానికి వేలాడుతుంటాయి. వెనక వరస కుర్రాళ్ల ఎడమ చేతిలో పారాంకు, అంటే మన కంజిరలా ఒకవైపే తోలున్న చిన్న వాయిద్యం. మోకాలు ఎత్తి, ఒక్క క్షణం ఆగి, దరువుతో పాటే పాదం నేలకు దించుతారు. పక్కన సన్‌షిన్, మధ్యమధ్య వేళ్లు నోట పెట్టి వేసే ఈలలు.

తోటి ఒకినావా పెద్దలే దీన్ని సిగ్గుచేటన్నారు. మేం ఇన్నాళ్లూ దాచుకున్నదాన్ని బజారుకీడుస్తారా అని. ‘నేల వచ్చింది, గర్వం వచ్చింది’ అన్న కథకు నా లెక్కన ఇక్కడే చుక్కెదురు. నేల వచ్చి మూడేళ్లయినా పెద్దలకు గర్వం రాలేదు. డప్పు పట్టింది నేల రాకను చూసి ఉప్పొంగినవాళ్లు కాదు, వచ్చాక కూడా తమ బతుకు మారలేదని గ్రహించిన కూలి పిల్లలు.

1972 లేకపోతే 1975 ఉండేదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాకపోకలు సులువయ్యాయి, పాటలూ వాయిద్యాలూ గురువులూ స్వేచ్ఛగా సముద్రం దాటారు, ఇది కాదనను. తిరిగి కలవాలన్న కోరిక కూడా కల్పన కాదు. అరవైల్లో ఏటా ఏప్రిల్ 28న ఒకినావా పడవలూ జపాన్ వైపున్న యొరోన్ దీవి పడవలూ సరిహద్దుగా ఉన్న 27వ అక్షాంశరేఖ దగ్గర నడిసముద్రంలో కలుసుకునేవి. 1952లో ఒకినావాను విడిగా పరాయి పాలన కిందే ఉంచేసిన ఒప్పందం అమల్లోకి వచ్చిన తేదీ అది. ఒకినావా ఉత్తరపు కొసనున్న హెదో అగ్రం మీద మంటలు వేస్తే అవతలి దీవికి కనబడేవి. కానీ ఆ అగ్రం మీదే 1976లో నిలబెట్టిన శిలను చూడండి. ఇది తిరిగొచ్చిన సంతోషాన్ని చాటడానికి పెట్టింది కాదని దాని మీదే చెక్కించుకున్నారు. మంటలు వేసినవాళ్లే నాలుగేళ్లకు అంత మాట రాయించారంటే ఏం జరిగి ఉండాలి?

జపనీయులు దీన్ని ‘ఫుక్కి’ అంటారు, అసలు స్థితికి తిరిగి రావడం అని. నన్నడిగితే తెలుగులో దీనికి సరైన మాట అప్పగింత. మన పెళ్లిళ్లలో అప్పగింతల వేళ పిల్లను ఎవరూ ఏమీ అడగరు. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, జపాన్ ప్రధాని సాతో ఈ బేరం కుదుర్చుకున్నప్పుడూ అంతే. అప్పగింత రోజున నాహా పౌరమందిరంలో వేడుక జరుగుతుంటే, ఆ పక్కనే యోగి పార్కులో జనం వానలో తడుస్తూ నిరసన తెలిపారు.

ఎయిసా రూపం విషయంలోనూ 1972కు అంత వాటా ఇవ్వలేం. ఇప్పుడు మనం చూసే వరసల పొందిక, డోళ్ల హోరు ఊరి ఆట కాదు. 1956లో కోజా పట్టణంలో మొదలైన పోటీలు దానికి ఆ ఆకారమిచ్చాయి. కోజా అంటే అమెరికా స్థావరం గుమ్మంలోని ఊరు. అంతకు ముందే 1945లో శరణార్థి శిబిరాల్లో జనం అమెరికా రేకు డబ్బాకు కొయ్య బిగించి, పారాచూట్ తాళ్లను తీగలుగా లాగి సన్‌షిన్లు చేసుకున్నారు.

దూరదేశాల్లోని ప్రవాసులకైతే 1972 ఇంకా పలచనైన తేదీ. బొలీవియాలోని కొలోనియా ఒకినావా 1954లో పుట్టింది. అక్కడికి వెళ్లినవాళ్లలో స్థావరాల కింద భూమి పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పొలం మీద విమానాలు దిగుతూనే ఉంటే, తిరిగొచ్చిన నేల ఏదని వాళ్లు పండగ చేసుకోవాలి? ఇక హవాయివాళ్లు అమెరికా పౌరులు, అంటే ఏలేవారి పక్షం. వాళ్లు స్వదేశం కోసం చేసిన గొప్ప పని ఇరవై నాలుగేళ్లు ముందే అయిపోయింది. దాని సంగతి చివర చెబుతాను.

ఈనాటి సంగతి. ఒకినావా జిల్లా ప్రభుత్వం 1990 నుంచి సుమారు అయిదేళ్లకోసారి ప్రపంచ ఉచినాంచు పండగ జరుపుతోంది. ఉచినాంచు అంటే వాళ్ల భాషలో ఒకినావావాడు. 2016లో అక్టోబరు 30ని ప్రపంచ ఉచినాంచు దినంగా ప్రకటించారు. నాలుగు లక్షలకు పైగా ఉన్న ప్రవాసుల మనవళ్లు నాహాకు వచ్చి కౌగిలించుకుంటారు, ఏడుస్తారు. అది నటన అనను. కానీ జపాన్ విస్తీర్ణంలో 0.6 శాతమున్న దీవుల మీద అమెరికా సైన్యం ప్రత్యేకంగా వాడే భూమిలో దాదాపు 70 శాతం ఉందన్న మాట ఆ వేదికల మీద మర్యాదగా మరుగున పడుతుంది. డప్పు అందరిదీ అయింది, మంచిదే. పాటలోని మాటకు అర్థం తెలియని నోళ్లే ఎక్కువయ్యాయి, అది మంచిది కాదు. యునెస్కో 2009లో ఒకినావా భాషను అంతరించే ప్రమాదమున్న భాషల్లో చేర్చింది. 2022లో అప్పగింతకు యాభై ఏళ్లు నిండినప్పుడు జపాన్ ప్రసార సంస్థ ఒకినావా కుటుంబం మీద ఉదయపు సీరియల్ వేసింది. అందులో వంటలు పుష్కలం. నా దృష్టిలో అంతకన్నా విలువైన స్మరణ ఒసాకాలోనే 2015లో మొదలైంది. స్థావరాలను మేమే మా పక్కకు తెచ్చుకుంటామంటూ ఒకినావావాళ్లు కాని జపనీయులు కొందరు ఉద్యమం పెట్టారు. వాళ్లు కొద్దిమందే, డప్పులూ లేవు.

హవాయివాళ్ల పని ఏమిటంటే, 1948లో యుద్ధానికి పశువులు దాదాపు అన్నీ పోయిన ద్వీపానికి వాళ్లు చందాలెత్తి అమెరికాలో 550 పందులు కొన్నారు. వాళ్లలో ఏడుగురు ఆ పందులతో పాటే ఓడెక్కి, తుపాను దాటి, సెప్టెంబరులో ఒకినావా రేవు చేరారు. అప్పటికి ద్వీపం ఎవరికీ తిరిగి దక్కలేదు. ఆ పందులకు 2016లో ఉరుమా పట్టణంలో స్మారకం కట్టారు.