బర్మా యుద్ధ సైనికుడే గోదావరి ఆనకట్ట నిర్మాత
కాటన్ దొర సైనిక జీవితం, కుటుంబ నేపథ్యం

ధవళేశ్వరం: గోదావరి డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊళ్లు తక్కువ. ఏటా మే 15న ఆయన జయంతినాడు రైతులు పూలమాలలు వేసి నివాళులర్పిస్తారు. అయితే అపర భగీరథుడిగా పేరొందిన సర్ ఆర్థర్ థామస్ కాటన్ వృత్తిరీత్యా సైనికుడనీ, ఆనకట్ట కట్టడానికి రెండు దశాబ్దాల ముందే యుద్ధరంగాన్ని చూశాడనీ తెలిసినవారు కొద్దిమందే.

1803లో జన్మించిన ఆర్థర్, హెన్రీ కాల్వెలీ కాటన్ దంపతుల పదో కుమారుడు. ఆ వంశంలో ఆయుధం పట్టడం ఆనవాయితీ. 1826లో భరత్‌పూర్ కోటను జయించిన లార్డ్ కాంబర్‌మియర్ వీరికి దగ్గరి బంధువు. అన్న సిడ్నీ కాటన్ 1857లో పెషావర్‌లో బ్రిగేడియర్‌గా ఉండి, తిరుగుబాటు భయంతో భారతీయ సిపాయిల పటాలాలను నిరాయుధం చేయించాడు. తమ్ముడు ఫ్రెడరిక్ సైతం మద్రాసు ఇంజినీర్ల దళంలో చేరి చైనా యుద్ధంలో పాల్గొన్నాడు.

ఆడిస్‌కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివిన ఆర్థర్ 1819లో మద్రాసు ఇంజినీర్ల దళంలో అధికారిగా నియమితుడై, 1821లో మద్రాసు చేరాడు. మూడేళ్లకే మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధం మొదలైంది. కర్రకోటలపై దాడులకు దారి చూపడం, కందకాలు తవ్వించడం యువ ఇంజినీర్ల విధి. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధితో ముగిసిన ఆ యుద్ధంలో శత్రువు తూటాల కన్నా జ్వరాలు, విరేచనాలే ఎక్కువ మందిని బలిగొన్నాయి. నౌకలెక్కి వెళ్లిన మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలూ ఉన్నారు. వారి వంశవృక్షాలను ఎవరూ రాసిపెట్టలేదు.

కరువు సీమకు రాక

యుద్ధానంతరం కాటన్ తంజావూరు ప్రాంతంలో నీటిపారుదల పనులకు మళ్లి, 1836 నాటికి కొల్లడం నదిపై ఆనకట్టలు పూర్తిచేశాడు. ఆరోగ్యం చెడటంతో దీర్ఘకాల సెలవుపై టాస్మానియా దీవికి వెళ్లాడు. అక్కడి లియర్‌మంత్ కుటుంబానికి చెందిన ఎలిజబెత్‌ను 1841లో వివాహమాడాడు. మరుసటి ఏడు డిసెంబరులో కుమార్తె జన్మించింది. ఆమెకూ ఎలిజబెత్ అనే పేరే పెట్టారు.

తిరిగివచ్చిన కాటన్‌కు కనిపించిన రాజమండ్రి జిల్లా దుర్భరంగా ఉంది. 1830వ దశకంలో కరువులు, 1839లో కోరంగిని ముంచిన తుపాను ఉప్పెన ప్రజలను కుంగదీశాయి. 1821లో దాదాపు 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఒకవైపు జనం పస్తులతో వలసపోతుంటే, మరోవైపు గోదావరి నీరు సముద్రం పాలవుతుండేది. శిస్తు తగ్గడమే కంపెనీ ప్రభుత్వాన్ని కదిలించిందన్నది కాదనలేని సత్యం. కాటన్ సైతం తన నివేదికల్లో ఆదాయ లెక్కలు చూపించే పై అధికారులను ఒప్పించాడు.

1847లో పని ప్రారంభమైంది. ధవళేశ్వరం కొండ రాయే పునాదులకు ఆధారం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీదుగా ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. మధ్యలో కాటన్ మళ్లీ అస్వస్థుడు కాగా కెప్టెన్ ఆర్ బాధ్యతలు చేపట్టాడు. స్థానిక కూలీలను సమీకరించి, నిర్మాణంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు కూడా గోదావరి వాసులకు సుపరిచితమే.

కుమార్తె రాసిన చరిత్ర

1861లో సర్ బిరుదు పొందిన కాటన్ స్వదేశంలో స్థిరపడ్డాక కూడా ఊరుకోలేదు. రైళ్ల కన్నా కాలువలు మేలని వాదించి, 1878లో పార్లమెంటు సంఘం ముందు కఠినమైన ప్రశ్నలను ఎదుర్కొన్నాడు. జనరల్ హోదా పొందిన ఆయన 1899 జూలై 24న డార్కింగ్‌లో కన్నుమూశాడు.

కాటన్ జీవిత వివరాలు నేటికి దక్కడానికి కారకురాలు కుమార్తె ఎలిజబెత్. 1877లో ఆమె పెళ్లాడిన అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్ కూడా చైనా యుద్ధాల్లో పోరాడిన నౌకాదళాధిపతే. భర్త మరణించాక 1893లో డెన్నీ అనే వ్యాపారిని పునర్వివాహం చేసుకున్నా, లేడీ హోప్‌గానే ప్రసిద్ధికెక్కింది. తండ్రి మరణించిన మరుసటి ఏడు, 1900లో ఆయన జీవిత చరిత్రను ప్రచురించింది. నీటిపారుదల విధానంపై కొంత భాగాన్ని పాత్రికేయుడు విలియం డిగ్బీ రాశాడు. తెలుగునాట కాటన్‌పై వెలువడిన రచనలకు ఆ గ్రంథమే ముఖ్యాధారం.

విచిత్రమేమంటే, పాశ్చాత్య దేశాల్లో ఆమె పేరు మరో కారణంగా వినిపిస్తుంది. శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో మళ్లీ క్రైస్తవ విశ్వాసానికి చేరువయ్యాడన్న కథనం 1915లో అమెరికా పత్రికలో ఆమె పేరిటే వచ్చింది. డార్విన్ సంతానం దానిని ఖండించింది. టాస్మానియాలో పుట్టిన లేడీ హోప్ 1922 మార్చి 8న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మరణించగా, అక్కడి రూక్‌వుడ్ శ్మశానవాటికలో ఖననం చేశారు.